పెళ్లి ఆచారాల పుట్టుపూర్వోత్తరాలను తెలుసుకోవడం ఎలా

పెళ్లి ఆచారం దేని గురించి తెలుసుకోవాలనుకున్నా, అది ఎప్పుడు, ఎందుకు మొదలైందన్న ప్రశ్నను, నేడు దానికి చెప్పుకుంటున్న అర్థమేమిటన్న ప్రశ్న నుంచి ముందుగా విడదీయాలి. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే తరువాతి కాలపు వ్యాఖ్యానాలు మూలకథలుగా చెలామణి అవుతున్నాయి.

తరువాత, ఆ ఆచారం గురించిన అతి పాత ఆధారాన్ని వెతకాలి. పాశ్చాత్య వధువుల తెల్లని గౌనునే తీసుకుందాం. అది పవిత్రతకు చిహ్నంగా అనాదిగా వస్తున్నదని చాలామంది నమ్ముతారు. కానీ 1840 ఫిబ్రవరి 10న తన పెళ్లిలో విక్టోరియా రాణి తెల్లని శాటిన్ గౌను ధరించేనాటికి అక్కడి వధువులు రకరకాల రంగుల దుస్తులు వేసుకునేవారు. ఆమె ఆ గౌనుకు ఇంగ్లండ్‌లోని హోనిటన్ పేరుతో ప్రసిద్ధమైన స్వదేశీ లేసును ఎంచుకోవడం వెనుక, దెబ్బతిన్న లేసు అల్లకందారులకు ఊతమివ్వాలన్న ఆలోచన కూడా ఉంది. అలాగని తెలుపు ఆమెతోనే మొదలైందని రాసినా పొరపాటే, ఎందుకంటే స్కాట్లాండ్ రాణి మేరీ 1558లోనే తెల్లని దుస్తుల్లో పెళ్లాడింది. కనుక ఎవరు మొదలుపెట్టారన్నదాన్ని, ఎవరి వల్ల వ్యాపించిందన్నదాన్ని వేరువేరుగా నమోదు చేసుకోవాలి. నా అనుభవంలో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే.

కథ పాతదైనంత మాత్రాన నిజమైపోదు. ఉంగరపు వేలి నుంచి నేరుగా గుండెకు ఒక సన్నని నాడి వెళుతుందన్న మాటను రోమన్ రచయిత ఆలస్ గెలియస్ క్రీస్తుశకం 2వ శతాబ్దంలోనే రాశాడు. శరీర నిర్మాణం ప్రకారం అటువంటి ప్రత్యేకమైన నాడి ఏదీ లేదు. అయినా ఆ కథను కొట్టిపారేయకుండా, ఆనాటివారి నమ్మకానికి సాక్ష్యంగా భద్రపరచాలి. ఉంగరానికి ఆ వేలే ఎందుకన్నదానికి వారు చెప్పుకున్న సమాధానం అదే.

ఆచారం వల్ల ఎవరికి లాభమో కూడా చూడాలి. నిశ్చితార్థానికి వజ్రపుటుంగరమే తగినదన్న భావన 20వ శతాబ్దంలో అంతగా బలపడటంలో వజ్రాల వ్యాపార సంస్థ డీబీర్స్ ప్రకటనలకు పెద్ద పాత్ర ఉంది. 'వజ్రం శాశ్వతం' అన్న వారి నినాదం 1947 నాటిది.

చివరగా, ఆచారాన్ని పాటించేవారినే అడగాలి. పెద్దలు చెప్పే అర్థాన్ని వారి మాటల్లోనే రాసుకుని, పక్కనే లిఖిత ఆధారం చెప్పేదాన్ని విడిగా రాయాలి. రెండూ పొసగనప్పుడు ఒకదాన్ని చెరిపి మరొకదాన్ని నిలపకూడదు.