ఇంటర్ చదువుతూనే ఒంటికి దమ్ము తెచ్చుకోవడం ఎలా?

ఇంటర్‌లో చేరగానే మన విజయవాడ, గుంటూరు పిల్లలకి ముందుగా పోయేది ఆట. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో క్లాసులు, పైగా చాలా కాలేజీలకి గ్రౌండే ఉండదు, నాలుగంతస్తుల బిల్డింగే కాలేజీ. మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం మొదలైతే అప్పుడు గుర్తొచ్చి నేరుగా జిమ్‌కి వెళ్లి ఆరు నెలల ఫీజు కట్టేస్తారు, పది రోజులకి మానేస్తారు. జిమ్ తప్పని కాదు, మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు అంతే. ఇంట్లో, మేడ మీద, పైసా ఖర్చు లేకుండా ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

1. ముందు టైమ్ వెతుక్కోండి

5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, వారంలో కనీసం మూడు రోజులు గుండె గట్టిగా కొట్టుకునే పనితో పాటు కండలకి, ఎముకలకి బలమిచ్చే పని కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. గంట అనగానే టెన్షన్ పడకండి, ఒకేసారి చేయాలని ఎవరూ అనలేదు. బస్సు ఒక స్టాప్ ముందే దిగి వేగంగా నడిస్తే పావుగంట, సాయంత్రం మేడ మీద తాడాట పది నిమిషాలు, ఇంటికి లిఫ్ట్ బదులు మెట్లు, ఆదివారం కబడ్డీయో షటిలో. ఇవన్నీ లెక్కలోకే వస్తాయి. నడకలో వేగం సరిపోతోందా అంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. గట్టి పని చేసేటప్పుడు నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది.

మెట్లు ఎక్కడమంటే దుర్గమ్మ కొండ మెట్ల మీద పరుగులు పెట్టకండి, భక్తులకి అడ్డం. మీ అపార్ట్‌మెంట్ మెట్లు చాలు.

2. ఎండ సంగతి చూసుకోండి

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. దానికి తోడు ఉక్కపోత, చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కాబట్టి పొద్దున ఏడులోపు, లేదంటే పొద్దు వాలాక. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా ఆపేసి నీడకి వెళ్లి నీళ్లో, ఉప్పేసిన మజ్జిగో తాగండి. మాట తడబడుతున్నా, మనిషి అయోమయంగా ఉన్నా మాత్రం ఒంటి మీద నీళ్లు పోసి, గాలి తగలనిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

3. మూడే కదలికలు నేర్చుకోండి

ముందు ఐదు నిమిషాలు ఉన్నచోటే నడుస్తూ చేతులు, తుంటి తిప్పుతూ ఒళ్లు వేడెక్కించండి. తర్వాతివి రోజు విడిచి రోజు.

మొదటిది గుంజీలే, కాకపోతే చెవులు పట్టుకోకుండా. వెనక ఒక కుర్చీ పెట్టుకోండి, పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కాస్త బయటికి. మోకాళ్లు ముందుకి తోసేయకుండా తుంటిని వెనక్కి పంపుతూ, కుర్చీకి తగిలీ తగలనట్టు దిగి లేవాలి. ఇక్కడ రెండు చూసుకోవాలి. మడమలు నేల మీద నుంచి లేవకూడదు, మోకాళ్లు లోపలికి వాలకూడదు. దిగేటప్పుడు ఊపిరి పీల్చి లేచేటప్పుడు వదలండి. ఎనిమిది చేసి, కాసేపు ఆగి, మరో ఎనిమిది. బడిలో శిక్షగా చేసిన గుంజీలకి మోకాళ్లు ఎందుకు నొప్పెట్టేవో ఇలా చేస్తే తెలుస్తుంది.

రెండోది పుషప్. నేల మీద ఒకటి కూడా రావట్లేదని సిగ్గుపడాల్సిన పనేం లేదు, గోడ దగ్గర మొదలుపెట్టండి. గోడకి చేతులు ఆనించి, తల నుంచి మడమల దాకా ఒళ్లు ఒకే గీతలా ఉంచి ఛాతీని గోడ దగ్గరికి తీసుకెళ్లాలి. మోచేతులు మరీ పక్కలకి విచ్చుకోకూడదు. పన్నెండు శుభ్రంగా, రెండు విడతలు వస్తున్నాయంటే బల్ల అంచుకి దిగండి, తర్వాత కింది మెట్టుకి, ఆ తర్వాత నేలకి. నేల మీద నడుం జారిపోతూ ఇరవై తీసేవాడి కన్నా మెట్టు మీద సరిగ్గా పది తీసేవాడే నయం, ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీసుకుంటే మీకే కనబడుతుంది.

మూడోది ప్లాంక్, అంటే బోర్లా ఉండి మోచేతులు, కాలి వేళ్ల మీద ఒంటిని ఒకే గీతలా పైకి లేపి కదలకుండా ఇరవై సెకన్లు ఉండటం. ఊపిరి బిగబట్టొద్దు.

బరువులెత్తితే పొడుగు ఆగిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటారు. సరైన పద్ధతిలో, తెలిసినవాళ్లు దగ్గరుండి చూస్తుంటే అలా ఏం జరగదు. అసలు ప్రమాదం, ఫ్రెండ్స్ ముందు గొప్ప కోసం మోయలేనంత ఎత్తడంలో ఉంది, ఈ వయసులో ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూనే ఉంటాయి.

4. నొప్పిని గుర్తుపట్టండి

మర్నాడు తొడలు పట్టేసినట్టుండటం మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కీలులో పోటు అయితే ఆ పని ఆపేయాలి. చేస్తుండగా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఇంట్లో చెప్పి డాక్టర్‌కి చూపించుకునేదాకా మళ్లీ చేయకండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకోవాలి.

5. తిండి, నిద్ర

ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనిపెట్టమని నాన్నని సతాయించకండి. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పెసరట్టు, పప్పు, ఉడికించిన శనగలు, పల్లీలు, పెరుగు మన ఇళ్లలో రోజూ ఉండేవే. సాయంత్రం పునుగులు మానేయమని నేను చెప్పను, చెప్పినా వినరు, రోజూ మాత్రం వద్దు. నిద్ర ఈ వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలి. హాస్టల్లో అది కుదరదని తెలుసు, కనీసం పడుకున్నాక ఫోన్ పట్టుకోకండి.

6. ఎంత చేసినా దమ్ము రాకపోతే

నెల దాటినా మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడుతుంటే, దాన్ని బద్ధకం అనుకోకుండా ఒకసారి రక్త పరీక్ష చేయించుకోండి, ముఖ్యంగా అమ్మాయిలు. అమ్మాయిలకి హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క, డాక్టర్ చెప్పిన మందు వాడాలి. పీరియడ్స్ రోజుల్లో వ్యాయామం మానక్కర్లేదు, ఓపిక లేకపోతే తగ్గించుకోండి. బడిలో, కాలేజీలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని కిటికీలోంచి విసిరేయకుండా మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకోండి, ఆ తర్వాత గంటసేపు టీ తాగొద్దు, తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు.