నానోపోర్‌లో (పలుచని పొరలోని నానోమీటర్ల వెడల్పు రంధ్రంలో) డీఎన్ఏ వేసే ముందు జాగ్రత్తలు

☐ చిప్‌ను అంచు దగ్గరే పట్టుకోండి. మధ్యలోని సిలికాన్ నైట్రైడ్ పొర మందం సాధారణంగా 10 నుంచి 30 నానోమీటర్లే, తాకితే పగిలిపోతుంది.

☐ పిరానా ద్రావణంతో (సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమం) శుభ్రం చేస్తుంటే గ్లవ్స్, ముఖానికి షీల్డ్ తప్పనిసరి. దగ్గర్లో అసిటోన్, ఆల్కహాల్ ఉండకూడదు. వాడిన ద్రావణాన్ని సీసాలో పోసి మూత బిగించకండి, వాయువు పుట్టి పేలుతుంది. ఇందులో తొందర వద్దు, దయచేసి.

☐ బఫర్‌ను (పొరకు రెండు వైపులా నింపే ఉప్పు ద్రావణం) వడకట్టి, కరిగిన గాలి తీసేశారా? రంధ్రం దగ్గర బుడగ చేరితే కరెంట్ పడిపోతుంది. రంధ్రం మూసుకుపోయిందనుకుని మంచి చిప్‌ను పారేసే ప్రమాదం ఉంది.

☐ ఎలక్ట్రోడ్ల మీద సిల్వర్ క్లోరైడ్ పూత ఉందా?

☐ ఫారడే కేజ్ (బయటి విద్యుత్ అలజడిని ఆపే లోహపు పెట్టె) మూశారా? మనం కొలిచేవి పికో, నానో ఆంపియర్లు. పక్కనున్న మొబైల్ కూడా నాయిస్ తేవచ్చు.

☐ అన్నిటికన్నా ముఖ్యమైనది: డీఎన్ఏ లేకుండా, ఉత్త బఫర్‌తో కొన్ని నిమిషాలు రికార్డు చేయండి. అప్పుడే కరెంట్‌లో గుంతలు (డీఎన్ఏ రంధ్రం దాటేటప్పుడు వచ్చేలాంటి క్షణకాలపు తగ్గుదలలు) కనిపిస్తే అవి మురికివి, అణువులవి కావు. ఈ పరీక్ష లేని డేటాను నేను నమ్మను.

☐ డీఎన్ఏకు రుణావేశం. పాజిటివ్ ఎలక్ట్రోడ్ డీఎన్ఏ వేసే వైపు కాదు, పొరకు అవతలి వైపు ఉండాలి.