ఓవర్‌టైమ్ డబ్బు తగ్గిందా? రేటు కంటే ముందు గంటలు చూడండి

జీతాల పట్టికలు తయారుచేసే బల్ల దగ్గర కొన్నేళ్లు కూర్చున్నాను. ఓవర్‌టైమ్ తక్కువ వచ్చిందని వచ్చేవాళ్లు దాదాపు అందరూ రేటు గురించే అడిగేవారు. నేను చూసినంతలో రేటు తప్పడం అరుదు, ఎందుకంటే అది పే స్లిప్పులో అచ్చయి కనిపిస్తుంది. డబ్బు జారిపోయేది గంటల దగ్గర. ఇక్కడ పది నిమిషాలు, అక్కడ అరగంట. స్లిప్పు మీద వాటి జాడ కూడా ఉండదు. అందుకే లక్షణాలను ఆ వరసలోనే రాస్తున్నాను.

లక్షణం: భోజనానికి అరగంట కోశారు, ఆ అరగంటా పనిలోనే ఉన్నాను

చాలాచోట్ల హాజరు సాఫ్ట్‌వేర్ ప్రతి షిఫ్టు నుంచీ అరగంటను దానంతట అదే తీసేస్తుంది. మీరు కుదురుగా తిన్నారా, ఒక చేత్తో ముద్ద పట్టుకుని మరో చేత్తో ఫోను ఎత్తారా అన్నది దానికి పట్టదు. ఎప్పుడో ఎవరో పెట్టిన సెట్టింగు, తర్వాత ఎవరూ తిరిగి చూడరు. దీని వెనక దురుద్దేశం ఉన్నా లేకపోయినా మీకు జరిగే నష్టం ఒకటే.

విరామానికి జీతం ఇవ్వనక్కర్లేదు అనాలంటే ముందు అది నిజంగా విరామమై ఉండాలి. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో ఈ గీత స్పష్టంగా ఉంది: సాధారణంగా కనీసం 30 నిమిషాలు, ఆ సేపు పని బాధ్యత పూర్తిగా తప్పాలి. యంత్రం పక్కనే కూర్చుని దాన్ని కనిపెడుతూ తినమంటే అది పని సమయమే. అయితే ఆవరణ దాటి వెళ్లనివ్వలేదన్న ఒక్క కారణంతో ఆ విరామం పని సమయం అయిపోదు. చాలామంది పొరబడేది ఇక్కడే. 5 నుంచి 20 నిమిషాల చిన్న విరామాలు మాత్రం అక్కడ పని గంటల్లో భాగం, వాటిని కోయకూడదు.

ఇప్పుడు లెక్క చూడండి. మీకు వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ అనుకుందాం. కాగితం మీద మీ షిఫ్టులు సరిగ్గా 48 గంటలు. ఆరు రోజులూ భోజనపు అరగంట పనిలోనే పోయింది, అంటే 3 గంటలు. అవి 48 మీద పడతాయి కనుక వాటికి ఓవర్‌టైమ్ రేటే రావాలి. అది రెట్టింపైతే 6 గంటల జీతం. నాలుగు వారాలకు 24 గంటలు, అంటే మూడు పూర్తి రోజుల జీతం. అరగంట భోజనమే కదా అని వదిలేసినదాని ఖరీదు అది.

పరిష్కారం: మధ్యలో లేపిన రోజునే సూపర్‌వైజర్‌కు ఒక్క వాక్యం పంపండి. "ఈ రోజు 1.10కి భోజనం మధ్యలో లేచి లోడు దించడానికి వెళ్లానండి, అరగంట కోత సరిచేయించగలరు." అందులో ఆరోపణ ఏమీ లేదు, తేదీ, సమయం మాత్రం నమోదైపోతాయి. నెలాఖరున అన్నీ కలిపి అడిగితే "ఏ రోజు?" అన్న మొదటి ప్రశ్నకే నోరు మూతపడుతుంది.

లక్షణం: స్లిప్పులో సమయాలన్నీ గుండ్రంగా ఉన్నాయి

9.03కి వస్తే 9.15 అని, 6.12కి వెళితే 6.00 అని రాస్తారు. ఒక్క రోజులో 24 నిమిషాలు మాయం. సమయాన్ని పావుగంటకు సరిచేయడాన్ని అమెరికా నిబంధనలు ఒప్పుకుంటాయి, కానీ ఒక షరతు మీద: కొన్నాళ్ల మీద చూస్తే హెచ్చూతగ్గూ సమానంగా తేలాలి. ఎప్పుడూ యజమాని వైపే మొగ్గే తక్కెడను సరిచేయడం అనరు. రెండు వారాల పంచింగ్ సమయాలను, స్లిప్పులోని సమయాలను పక్కపక్కన రాసి తేడాలు కూడండి. ప్రతి తేడా ఒకే వైపు పడుతుంటే ఆ కాగితమే మీ వాదన.

లక్షణం: పంచింగ్‌కు ముందు, తర్వాత కూడా పని ఉంటోంది

రక్షణ దుస్తులు తొడుక్కోవడం, యంత్రం వేడెక్కించడం, దుకాణం మూశాక నగదు లెక్కపెట్టడం, ఇంటికి వెళ్లాక సందేశాలకు జవాబివ్వడం. పనికి అవి విడదీయరాని భాగమా అన్నదే అసలు పరీక్ష. బ్యాటరీల కర్మాగారంలో ఆమ్లం, సీసం కారణంగా బట్టలు మార్చుకుని స్నానం చేయాల్సి వచ్చిన కార్మికుల విషయంలో ఆ సమయానికీ జీతం ఇవ్వాలని 1956లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అదే కోర్టు 2014లో, గిడ్డంగి కార్మికులు షిఫ్టు అయ్యాక భద్రతా తనిఖీ కోసం వరసలో నిలబడే సమయం ఫెడరల్ చట్టం కింద లెక్కకు రాదంది. నాకు ఆ తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ వరసలో ఎవరూ సరదాకు నిలబడరు కదా. అయినా గెలిచేదీ ఓడేదీ తెలుసుకుని అడగడం మంచిది: దుస్తులు, యంత్రం వంటి పనికి సిద్ధమయ్యే గంటలు మొదట అడగండి, తనిఖీ గంటలను ప్రధాన వాదన చేయకండి.

లక్షణం: ఒక వారం 50 గంటలు చేశాను, మరుసటి వారం 30 ఇచ్చి సరిపెట్టారు

సగటు 40 కనుక ఓవర్‌టైమ్ లేదంటారు. వారాన్ని కొలతగా తీసుకునే అమెరికా చట్టంలో ఇది చెల్లదు. ఏ వారం లెక్క ఆ వారానిదే. మీ చట్టం వారాన్ని కొలుస్తుందా, రోజునా అన్నది ముందు చూసుకోండి.

లక్షణం: హోదా పెరిగింది, ఓవర్‌టైమ్ ఆగింది

పేరు చివర "మేనేజర్" చేరినంత మాత్రాన చట్టం చూపు మారదు. చేసే పనినే చూస్తుంది. మనుషులను పెట్టుకునే, తీసేసే విషయంలో మీ మాటకు విలువ ఉందా, లేక రోజంతా పాత పనే చేస్తూ తాళంచెవులు మాత్రం మోస్తున్నారా? ఒక వారం పాటు ఏ పనికి ఎన్ని గంటలు పట్టాయో రాసి చూడండి.

లక్షణం: గంటలు సరిపోయాయి, మొత్తమే తక్కువ

అప్పుడు రేటు చూడాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందం పరిశ్రమల్లో ఓవర్‌టైమ్‌కు కనీసం ఒకటింపావు రెట్లు అంది. అమెరికాలో 1938 చట్టం ప్రకారం ఒకటిన్నర రెట్లు, వారానికి 40 గంటలు దాటితే. భారతదేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం రెట్టింపు అంది, 2019 వేతనాల కోడ్ కూడా అదే మాట. తగ్గేది సాధారణంగా ఈ గుణకం కాదు, దేన్ని గుణిస్తున్నారన్నది. ముందే మాటిచ్చిన హాజరు బోనస్ వంటివి అమెరికాలో మూల రేటులో కలవాలి. 50 గంటలు, గంటకు 100, వారం బోనస్ 500 అనుకోండి. బోనస్ కలిపితే అసలు రేటు 110, రావాల్సింది 6,050. కలపకుండా లెక్కేస్తే 6,000 వస్తుంది. వారానికి 50 తేడా ఎవరి కంటా పడదు.

"ఓవర్‌టైమ్ అడగనని సంతకం పెట్టాను కదా!"

భయపడకండి. కనీస వేతనం, ఓవర్‌టైమ్ హక్కులను సంతకంతో వదులుకోవడం అమెరికా చట్టంలో కుదరదు. ఫిర్యాదు చేశారని పనిలోంచి తీసేయడం కూడా అక్కడ చట్టవిరుద్ధమే.

ఇక పని గంటలు మీరే రాసుకునే పుస్తకం సంగతి. వచ్చిన సమయం, విరామం మొదలు, విరామం ముగింపు, వెళ్లిన సమయం, ఎవరు ఏ పని చెప్పారు: రోజుకు ఒక్క వరస చాలు. యజమాని దగ్గర సరైన రికార్డులు లేనప్పుడు కార్మికుడు సహేతుకంగా చూపిన లెక్కను కోర్టు తీసుకోవచ్చని, అది తప్పని నిరూపించే భారం యజమానిదేనని అమెరికా సుప్రీంకోర్టు 1946లోనే చెప్పింది. అంటే మీ చేతిరాతకు విలువ ఉంది, అదే రోజు రాస్తే. ఏడాది తర్వాత ఒకే కూర్చోటంలో ఒకే పెన్నుతో నింపిన పుస్తకాన్ని ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. నేనే కొన్ని పట్టుకున్నాను.

ముందు జీతాల విభాగానికి రాతపూర్వకంగా, మొత్తం అంకె వేసి అడగండి. జవాబుకు రెండు వారాలు చాలు. రాకపోతే కార్మిక శాఖకు వెళ్లండి. గడువు మరచిపోవద్దు: అమెరికాలో రెండేళ్లు, ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టినట్లు తేలితే మూడేళ్లు; భారత వేతనాల కోడ్ కింద మూడేళ్లు. ఆలస్యమైన ప్రతి నెలా వెనక నుంచి ఒక నెల బకాయి రాలిపోతూ ఉంటుంది. పుస్తకాన్ని మాత్రం పని చోట లాకరులో పెట్టకండి, ఇంట్లో ఉంచండి.