హోస్టింగ్ కొనే ముందు మీ సైట్ ఏం పని చేస్తుందో చూడండి

ఏ హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచడానికి ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్, అంటే సర్వర్ మీద అద్దె చోటు) తీసుకోవాలి అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే: సైట్‌లో లాగిన్, కార్ట్, పేమెంట్ లాంటివి ఉన్నాయా, లేక జనం వచ్చి చదివి పోయే పేజీలేనా? మా బావగారిది పచ్చళ్ల వ్యాపారం. ఐదు పేజీలు, ధరల పట్టిక, ఆర్డర్‌కి వాట్సాప్ నంబర్, అంతే. దీనికి నెలనెలా డబ్బు కట్టడం దండగ. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ అనే సర్వీసులో ఉచితంగా పెట్టేశాం, ఖర్చల్లా డొమైన్‌కే, అంటే సైట్ పేరుకే. గిట్‌హబ్ పేజెస్ కూడా ఉచితమే కానీ ఆన్‌లైన్ వ్యాపారాలు నడపడానికి కాదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది.

కోడ్ రాయకుండా సైట్ నడిపించే వర్డ్‌ప్రెస్ వాడుతుంటే షేర్డ్ హోస్టింగ్‌తో మొదలుపెట్టండి, చాలామందికి అదే సరిపోతుంది. అపార్ట్‌మెంట్ ట్యాంకు లాంటిదది, ఒకే సర్వర్ మీద బోలెడు సైట్లు, పక్కవాడు ఎక్కువ వాడకుండా అందరికీ లిమిట్లు. ‘అన్‌లిమిటెడ్’ అని రాసినా ఫైళ్ల సంఖ్యకి, ప్రాసెసర్ వాడకానికి హద్దు ఉంటుంది, నిబంధనల్లో ఎక్కడో అడుగున రాసి ఉంటుంది. ఓసారి సంక్రాంతి ముందు నా సైట్ లింకు నాలుగైదు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది, గంటలో 508 ఎర్రర్, అంటే నా లిమిట్ దాటిపోయిందని. సపోర్ట్ వాళ్లు వెంటనే పెద్ద ప్లాన్‌కి మారమన్నారు. మారకుండా ఒక క్యాష్ (cache) ప్లగిన్, అంటే ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అదే చూపించే చిన్న ప్రోగ్రాం పెట్టి, ఫొటోలు తిప్పే బరువైన స్లైడర్ ఒకటి తీసేశా, మళ్లీ ఆ ఎర్రర్ రాలేదు. అందుకే వీపీఎస్ (సర్వర్‌లో మనకంటూ విడిగా కేటాయించిన భాగం) కొనేముందు ఈ పని చేసి చూడండి.

రోజూ ఆర్డర్లు పడే షాపు, క్యాష్ పెట్టినా లిమిట్లు దాటుతుంటే అప్పుడు వీపీఎస్. కానీ అప్‌డేట్లు, ఫైర్‌వాల్, బ్యాకప్ అన్నీ మీ నెత్తినే. లైనక్స్ కమాండ్లంటే టెన్షన్ పడేవాళ్లు ఆ పనులన్నీ కంపెనీ వాళ్లే చూసుకునే మేనేజ్డ్ వీపీఎస్ తీసుకోవడం మేలు, రేటు ఎక్కువే అయినా సరే. మొత్తం సర్వర్ మనకే అనే డెడికేటెడ్ గురించి ఇప్పుడు ఆలోచించకండి.

చూసేవాళ్లు ఇక్కడివాళ్లే అయితే సర్వర్ ముంబైలోనో బెంగళూరులోనో ఉండేలా చూసుకోండి, అమెజాన్ క్లౌడ్ సర్వీసు ఏడబ్ల్యూఎస్‌కైతే 2022 నుంచి హైదరాబాద్‌లో కూడా ఉంది.

ఇక అసలు మెలిక రేటు. పెద్దక్షరాల్లో కనిపించేది చాలాసార్లు మూడేళ్లకి ఒకేసారి కడితేనే వచ్చే రేటు, దాని మీద 18 శాతం జీఎస్టీ. రెన్యువల్ రేటు ఎంతో వెతికి చూశాకే కార్డు తీయండి. ఎస్ఎస్ఎల్‌కి (సైట్ అడ్రస్‌లో https వచ్చేలా చేసే భద్రతా సర్టిఫికెట్) విడిగా డబ్బులడిగితే వద్దనండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగానే ఇస్తుంది. డొమైన్ మాత్రం హోస్టింగ్ వాడి దగ్గర కాకుండా వేరేచోట కొనండి, రేపు వాడితో పేచీ వస్తే ఫైళ్లు, డేటాబేస్ కొత్త చోటికి ఎక్కించి నేమ్‌సర్వర్లు (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) మార్చుకుంటే చాలు.