గల్లాలో డబ్బు ఎక్కువ, రిపోర్టులో అమ్మకం తక్కువ

సమస్య: రాత్రి అంగడి కట్టేటప్పుడు గల్లాలో ఉన్న డబ్బు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూపించే రోజు అమ్మకం కన్నా ఎక్కువుంటుంది. స్టాక్ మాత్రం సరిగ్గానే తగ్గుంటుంది. స్టాక్ తగ్గిందంటే బిల్లు పడినట్టే. అది యాడికీ పోలేదు, ఇంకో తేదీలో కూర్చుంది.

మొదట రిపోర్టు పైన "నుంచి - వరకు" తేదీలు చూడండి సామీ. నాకు ఫోన్ చేసేముందు చూడండి. అవి సరిగ్గా ఉంటే, తేదీ వరసన కాకుండా బిల్లు నంబరు వరసన లిస్టు తీయండి. ఈరోజు నంబర్ల పక్కన పాత తేదీ కనబడితే దొంగ దొరికినట్టే.

నన్ను ఏడిపించిన దొంగ ఇదే. తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర ఒక హోల్‌సేల్ కిరాణా అంగడికి మూడుసార్లు తిరిగాను. పోయినప్పుడల్లా కంప్యూటర్లో తేదీ సరిగ్గానే ఉండేది. ఓనరుకు కౌంటర్ పిల్లోడి మీద అనుమానం మొదలైంది. నాలుగోసారి షట్టర్ ఎత్తే టైముకే పోయి నిలబడ్డాను. స్వామి పటానికి అగరొత్తులు వెలిగించి మెయిన్ ఆన్ చేశారు. నల్లటి స్క్రీన్ మీద ఏదో ఇంగ్లీషు వచ్చింది. పిల్లోడు చూడకుండానే ఎఫ్1 నొక్కేశాడు.

"ఏంది నాయనా అది?"

"రోజూ వస్తాది సార్, నొక్కితే పోతాది."

కింద మూలన తేదీ 01-01-2018. తొమ్మిది బిల్లులు అదే తేదీతో పోయాయి. తర్వాత, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్ సైటు తెరవలేదు. పాత తేదీ ఉంటే సైటు సర్టిఫికెట్‌ను బ్రౌజర్ ఒప్పుకోదు. పిల్లోడు ఆ కిటుకు ఎప్పుడో కనిపెట్టాడు: తేదీ మార్చి మళ్ళీ తెరుస్తాడు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నేను పదకొండింటికి పోతే నాకేం కనబడుతుంది?

కారణం మదర్‌బోర్డు మీదుండే బిళ్ళ బ్యాటరీ, సీఆర్2032. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. మన అంగళ్ళలో రాత్రి మెయిన్ ఆపేసి పోతారు కాబట్టి, బ్యాటరీ అయిపోతే రోజూ పొద్దున ఇదే కథ.

ప్లగ్గు పీకి, ప్లస్ గుర్తు పైకి ఉండేట్టు కొత్తది పెట్టండి. వాచీ అంగట్లో దొరుకుతుంది. బయాస్‌లోకి (విండోస్ రాకముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్) పోయి తేదీ, టైము పెట్టి సేవ్ చేయండి. విండోస్‌లో ఆటోమేటిక్ టైమ్ కూడా ఆన్ చేయండి. కానీ దాన్నే నమ్ముకోవద్దు, తేడా ఏళ్ళలో ఉంటే ఒక్కోసారి అది చేతులెత్తేస్తుంది.

పాత తేదీ పడిన బిల్లుల్ని తొందరపడి దిద్దకండి. బ్యాకప్ తీసి, లిస్టు ఆడిటర్‌కు పంపండి. నెలనెలా జీఎస్టీఆర్-1 (జీఎస్టీలో అమ్మకాల లెక్క చూపే రిటర్ను) వేసేవాళ్ళకు మరుసటి నెల 11 గడువు. 2018లో కూర్చున్న బిల్లు ఈ నెల లెక్కలోకి రాదు. జీఎస్టీ నంబరున్న కొనుగోలుదారు దగ్గర అదే పాత తేదీ కాగితం ఉంటుంది, ఆయనకూ చెప్పాలి.

స్టాక్ కూడా తేడా వస్తే అది వేరే జబ్బు. బాక్సు, పీసు యూనిట్లు కలిసిపోయాయేమో, ఒకే సరుకు రెండు స్పెల్లింగులతో ఎక్కిందేమో చూడండి.

వైరస్సు, డేటాబేస్ పాడవడం చాలా అరుదు. వచ్చీ రాగానే ఫార్మాట్ కొట్టాలనేవాడికి టీ ఇచ్చి పంపేయండి.