ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌తో ఢీ: మ్యాచ్‌కు ముందు రెఫరీ జాగ్రత్తలు

– ఢీకొన్న క్షణంలో బంతి ఎవరి అధీనంలో ఉందో ముందు తేల్చుకోండి. కీపర్ రెండు చేతుల మధ్య ఉన్నా, ఒక చేతితో నేలకు అదిమిపట్టినా, చాచిన అరచేతిలో నిలిపినా, నేలకు కొట్టి ఆడిస్తున్నా అది కీపర్‌దే. అప్పుడు దానికోసం పోటీపడకూడదు. షాట్‌ను ఆపబోయి చేతికి తగిలి జారిన బంతి అలా కాదు. ఫార్వర్డ్ (దాడి చేసే ఆటగాడు) దానికోసం వెళ్లవచ్చు.

– గోల్ ఏరియాలో (గోల్ ముందున్న చిన్న పెట్టెలో) కీపర్‌ను తాకితే చాలు, ఫౌల్ అని గ్యాలరీ అరుస్తుంది. నిబంధనల్లో అలాంటి ప్రత్యేక రక్షణ లేదు. అరుపులకు విజిల్ వేయకండి.

– కార్నర్ కిక్ అసలు తలనొప్పి. బంతిని వదిలేసి కీపర్ కదలికనే చూస్తున్న ఆటగాడిని ముందే గుర్తించండి. తాకకుండా దారికి అడ్డుపడితే ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ చేయలేనిది), తాకి అడ్డుకుంటే డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ చేయగలిగేది). కిక్ కొట్టకముందే తోపులాట మొదలైతే ఫ్రీకిక్ ఇవ్వలేరు; ఆపి, హెచ్చరించి, తర్వాత కొట్టించండి.

– కీపర్ బంతిని వదిలేటప్పుడు కాలు అడ్డుపెట్టడమూ నేరమే.

– కీపర్ తప్పునూ చూడండి. 1982 ప్రపంచకప్ సెమీఫైనల్లో, సెవిల్‌లో, జర్మన్ కీపర్ షూమాకర్ ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్‌ను స్పృహ తప్పేలా ఢీకొట్టాడు. రెఫరీ ఫౌల్ ఇవ్వలేదు, ఇచ్చింది గోల్ కిక్! అందుకే షాట్ కొట్టాక మీ చూపు బంతి వెంట పోకూడదు. అసిస్టెంట్ రెఫరీతో ఈ పని పంచుకోండి.