పసిపిల్లలతో దుంగల ఇంట్లో తొలి చలికాలం: ముందే చూసుకోవలసినవి

పొలం మధ్యలో దుంగల ఇల్లు చూడగానే మనసు పారేసుకుంటాం. మేమూ అలాగే పారేసుకున్నాం. ఎండాకాలం చివర్లో సామాను దించుకునేసరికి పాపకు ఎనిమిది నెలలు, బాబుకు నాలుగేళ్లు. మొదటి నెలంతా బీరువా ఎక్కడ పెట్టాలి, కర్టెన్లు ఏ రంగువి కొనాలి అన్న మాటలతోనే గడిచిపోయింది. ముందు చూడాల్సింది అవి కావని చలి మొదలయ్యాకే తెలిసింది. ఇలాంటి ఇంట్లో చలికాలమంతా కట్టెల పొయ్యి చుట్టూనే తిరుగుతుంది. గోడలూ కట్టే, పొయ్యిలో వేసేదీ కట్టే. రెంటికీ నడుమ అడ్డుగా ఉన్నది ఒక ఇనుప పెట్టె, ఒక గొట్టం మాత్రమే. కిటికీలు తీసుకుని పడుకునే రోజుల్లోనే ఆ రెండింటినీ చూపించుకోవాలి. చలి ముదిరాక పొగగొట్టం శుభ్రం చేసేవాళ్లు ఒక పట్టాన దొరకరు, ఎండిన కట్టెలు అసలే దొరకవు.

పొయ్యి, పొగగొట్టం

కట్టె సరిగ్గా మండనప్పుడు వచ్చే పొగ చల్లటి గొట్టానికి తగిలి లోపల జిడ్డుగా పేరుకుంటుంది. దీన్నే క్రియోసోట్ అంటారు. మొదట్లో పొడి మసిలా ఉంటుంది, తర్వాత తారులా మారుతుంది, చివరికి గాజులా మెరిసే గట్టి పొర అవుతుంది. అది అంటుకుంటే గొట్టం లోపల వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. రైలు పోతున్నట్టు హోరు వినిపిస్తుంది. ఆ హోరు వింటే పొయ్యి తలుపు, గాలి వచ్చే రంధ్రాలు మూసేయండి. పిల్లల్ని ఎత్తుకుని బయటికి వచ్చి అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి. ఆ వేడి గొట్టం మీద నీళ్లు కొట్టకండి, పగిలిపోతుంది. మంట దానంతటదే ఆరిపోయినా, తెలిసినవాళ్లు వచ్చి చూసేదాకా ఆ పొయ్యి మళ్లీ వెలిగించకూడదు.

ఇదంతా రాకుండా ఉండాలంటే ఏడాదికోసారి గొట్టం చూపించి బ్రష్ కొట్టించాలి. లోపలి పొర 3 మిల్లీమీటర్లకు చేరితే ఏడాది గడిచే దాకా ఆగకూడదు. పాత ఇల్లయితే ఎన్నేళ్లుగా వాడలేదో మనకు తెలియదు కాబట్టి, తొలి మంట వేయకముందే తప్పనిసరిగా చూపించాలి. మా గొట్టం కొసన ఎండిపోయిన పక్షిగూడు ఒకటి బయటపడింది. చూపించకుండా వెలిగించి ఉంటే పొగంతా ఇంట్లోకే వచ్చేది.

దుంగల ఇళ్లకు మాత్రమే ఉండే చిక్కు ఒకటుంది. పచ్చి దుంగలతో కట్టిన ఇల్లయితే అవి ఆరేకొద్దీ కుంచించుకుపోతాయి. ఎనిమిది అడుగుల గోడ మొదటి కొన్నేళ్లలో కొన్ని అంగుళాలు దిగడం మామూలే. గోడతో పాటు కప్పూ కిందికి వస్తుంది, పొగగొట్టం మాత్రం దిగదు. అందుకని గొట్టం కప్పును దాటే చోట అతుకులు సడలడం, వంగడం జరుగుతుంది. ఒకదానిలోకి ఒకటి జారే గొట్టం వేశారా, కప్పు చెక్కకూ గొట్టానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ ఇంకా అలాగే ఉందా అన్నది కట్టినవాళ్లని అడిగి, కళ్లారా చూడండి. పొయ్యి వెలిగించాక ఇంట్లో గాలి పొడిబారి దుంగలు ఇంకా త్వరగా ఆరతాయి కాబట్టి, చలికాలం మధ్యలో మళ్లీ ఒకసారి చూడాలి. దుంగలు దిగినా తగలకుండా తలుపులు, కిటికీల పైన వదిలిన ఖాళీ పూడిపోతే తలుపు బిగుసుకుంటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

పొయ్యితో పాటు వచ్చిన కాగితంలో గోడకు ఎంత దూరం ఉండాలో రాసి ఉంటుంది. ఆ కాగితం లేని పాత పొయ్యి అయితే చుట్టూ 3 అడుగుల దాకా మండే వస్తువేదీ ఉండకూడదు. అంటే దుంగల గోడ, సోఫా, ఆరేసిన బట్టలు, కట్టెల బుట్ట అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పసిపిల్లలున్న ఇంట్లో చలికాలం బట్టలు ఆరవు, అందుకే చెయ్యి పొయ్యి వైపే పోతుంది. అక్కడే జాగ్రత్త పడాలి.

కట్టెలు

పచ్చి కట్టె వేస్తే వేడి తక్కువ, పొగ ఎక్కువ, గొట్టంలో జిడ్డు మరీ ఎక్కువ. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, కొనుక్కోండి. మీటరు లేకపోయినా తెలుసుకునే పద్ధతి ఉంది. రెండు చీలికలు చేతుల్లోకి తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండినవైతే ఠంగుమని మోగుతాయి, పచ్చివైతే దబ్బుమంటాయి. ఎండిన కట్టె కొసల్లో మధ్య నుంచి అంచుకు బీటలు కనిపిస్తాయి, బెరడు చేత్తో లాగితే ఊడి వస్తుంది, చేతిలో తేలిగ్గా ఉంటుంది. చీల్చి పేర్చిన కట్టె ఎండడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. గట్టి జాతి చెట్లయితే రెండేళ్లు పట్టొచ్చు. అందుకే తొలి ఏడాది సొంత చెట్టు కొట్టుకుందామని ఆశపడకండి, ఎండినవి కొనుక్కోండి. కొట్టినవి వచ్చే ఏడాదికి పనికొస్తాయి.

పేర్చేటప్పుడు నేలకు తగలకుండా, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలేయాలి. ఇంటి గోడకు ఆనించి మాత్రం పేర్చొద్దు. దూరం నడవక్కర్లేదని అందరికీ అనిపించేదే, కానీ కట్టెల్లోని పురుగు గోడ దుంగల్లోకి వస్తుంది, తేమ గోడకు పడుతుంది, నిప్పు అంటుకుంటే ఇల్లే ముందు పోతుంది. రెండు మూడు రోజులకు సరిపడా లోపలికి తెచ్చుకుంటే చాలు. రంగు వేసిన చెక్క, చెదపురుగుకు మందు పట్టించిన చెక్క, ప్లాస్టిక్ పొయ్యిలో వేయకూడదు. అవి మండితే వచ్చే పొగ విషం.

వాసన లేని పొగ

అన్నింటికంటే నాకు భయం కార్బన్ మోనాక్సైడ్ అంటే. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు.

మా తొలి చలికాలంలో ఒక పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉంది. పాప రాత్రంతా నిద్రపోనివ్వలేదు కదా, అందుకే అనుకున్నాను. కోళ్లకు గింజలు వేయడానికి బయటికి వెళ్లాను, పావుగంటలో తల తేలికపడింది. లోపలికి వచ్చి పాలు కాస్తుంటే మళ్లీ అదే దిమ్ము. "ఏమండీ, మీకూ తలనొప్పిగా ఉందా?" అని అడిగితే, మా ఆయన కణతలు నొక్కుకుంటూ తలూపారు. అప్పుడు చూశాను, ఎప్పుడూ ఐదింటికే లేచి కూర్చునే బాబు ఇంకా పడుకునే ఉన్నాడు. ఇద్దర్నీ దుప్పట్లతో సహా ఎత్తుకుని బయటికి పరిగెత్తాం. నిప్పులు రాత్రంతా ఉండాలని మా ఆయన గొట్టం రేకును, అంటే పొగ పోయే దారికి అడ్డంగా తిరిగే మూతను, పూర్తిగా మూసి పడుకున్నారట. మంట కనపడకపోయినా ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచే ఈ వాయువు వస్తుంది. పిల్లలకు ఏమీ కాలేదు. ఆ రోజే కార్బన్ మోనాక్సైడ్ అలారాలు తెచ్చాం.

మీరు ఇల్లు మారే రోజే తెచ్చుకోండి. పడుకునే గదుల దగ్గర ఒకటి, ఒక్కో అంతస్తులో ఒకటి, అటక మీద ఎవరైనా పడుకుంటే అక్కడొకటి. పొగ అలారం వేరు, ఇది వేరు, రెండూ కావాలి. నెలకోసారి బటన్ నొక్కి చూడండి. అలారానికీ గడువు ఉంటుంది, వెనక తేదీ రాసి ఉంటుంది. జ్వరం లేకుండా ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు వచ్చి, బయటికి వెళ్తే తగ్గితే అది జలుబు కాదు. వెంటనే బయటికి వచ్చి డాక్టర్‌ను కలవాలి. నిప్పు పూర్తిగా చల్లారకుండా గొట్టం రేకు మూయకూడదు. కరెంటు పోతే బొగ్గుల కుంపటి ఇంట్లోకి తేకూడదు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు ఎదురుగా లేకుండా నడపాలి. షెడ్డు తలుపు తీసి ఉంచినా సరిపోదు.

బూడిద సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పైకి చల్లారినట్టే ఉంటుంది, లోపల నిప్పు రెండు మూడు రోజులైనా బతికి ఉంటుంది. ప్లాస్టిక్ బకెట్, అట్టపెట్టె, కాగితం సంచి ఏదీ వద్దు. మూత బిగుసుకునే ఇనుప డబ్బాలో ఎత్తి, చెక్క వరండా మీద కాకుండా ఇంటికి పదడుగుల అవతల మట్టి మీద పెట్టండి.

పాకే పిల్లలు, పరిగెత్తే పిల్లలు

మా పాప మొట్టమొదటిసారి తనంతట తాను లేచి నిలబడింది పొయ్యి కంచె పట్టుకునే. ఆ కంచె లేకపోతే పట్టుకునేది పొయ్యి అద్దాన్ని. మంట ఆరిపోయిన గంటల తర్వాత కూడా ఆ అద్దం కాలుతుంది. పసిపిల్లల చర్మం పల్చన, చెయ్యి తగిలితే పెద్దవాళ్లలా చటుక్కున వెనక్కి తీసుకోలేరు. కంచె తప్పకుండా గోడకు బిగించినదై ఉండాలి, ఊరికే నిలబెట్టింది పిల్ల బరువుకే పడిపోతుంది. కాలితే నల్లా కింద మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయండి. ఐసు, టూత్‌పేస్టు, వెన్న ఏదీ రాయొద్దు. పసిపిల్లలకు కాలితే చిన్నదనిపించినా డాక్టర్‌కు చూపించండి.

వేడి పైకి పోతుంది కాబట్టి అటక వెచ్చగా ఉంటుంది, పిల్లల్ని అక్కడ పడుకోబెట్టాలనిపిస్తుంది. పొగ కూడా పైకే పోతుందని మర్చిపోకండి. రెండో దారి లేని అటక మీద చిన్నపిల్లల్ని పడుకోబెట్టడం నాకు ఇష్టం లేదు, మేం కిందే పడుకున్నాం. అటకకు కమ్మీలుంటే మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించకూడదు. నిచ్చెన మొదట్లో గేటు పెట్టాలి.

ఇక పొలం. పసిపిల్లలకు ఇక్కడ మొదటి ప్రమాదం బావి నీళ్లు. పైకి తేటగా ఉంటాయి కాబట్టి ఎవరూ అనుమానించరు. ఎరువుల వల్ల నైట్రేట్ చేరితే ఆరు నెలల లోపు పిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలం తిరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పాలపొడి కలిపే ఇల్లయితే చేరకముందే నైట్రేట్‌కు, బాక్టీరియాకు పరీక్ష చేయించండి.

పశువులను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించాలి, కొట్టంలో తొడిగిన బూట్లు గడప దాటకూడదు. పేడలో ఉండే కొన్ని రకాల ఈ.కోలి బాక్టీరియా ఐదేళ్ల లోపు పిల్లల కిడ్నీలను దెబ్బతీస్తుంది. కాచని పాలు పట్టకండి. ట్రాక్టర్ మీద పిల్లల్ని ఎక్కించుకోవద్దు, ఒక్క రౌండుకైనా సరే. ట్రాక్టర్ వెనక తిరుగుతూ, తగిలించిన యంత్రానికి ఇంజిన్ శక్తిని అందించే కడ్డీ, అంటే పీటీఓ షాఫ్ట్, నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. చలికాలం మనం వేసుకునే మఫ్లర్, వేలాడే శాలువా అంచు దానికి చుట్టుకుంటే వదిలించుకునే టైమ్ ఉండదు. పేడనీటి గుంట, ధాన్యం నిలవచేసే గాదె, చెరువు వైపు పిల్లలు పోకుండా కంచె, తాళం ఉండాలి. ఎవరైనా పేడనీటి గుంటలో పడితే వెంట దిగకండి, అక్కడి విషవాయువుకు దిగినవాళ్లూ చనిపోతారు.

చలి పెరిగితే ఎలుకలు ఇంట్లోకి చేరతాయి. దుంగల మధ్య సందులు ముందే పూడ్చండి. మూసి ఉన్న గదిలో ఎలుక పెంటికలు కనిపిస్తే పొడిగా ఊడ్చకండి, ఆ దుమ్ము పీల్చడం వల్ల ఎలుకల నుంచి మనుషులకు సోకే హంటా వైరస్ లాంటివి రావచ్చు. కిటికీలు తెరిచి అరగంట ఆగి, బ్లీచింగ్ నీళ్లు చల్లి నానబెట్టి, గ్లౌజులు వేసుకుని తుడిచేయాలి. అడుగు వరస దుంగల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే పుచ్చిపోయిందని అర్థం. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా చూసుకోండి.

బయటికి వెళ్లే దారి

బిగుసుకునే తలుపు గురించి తర్వాత చెబుతానన్నాను. మామూలు రోజుల్లో భుజంతో నెట్టితే వస్తుంది కదా అని వదిలేస్తాం. అర్ధరాత్రి, పొగలో, చంకలో పిల్లతో నెట్టాల్సి వస్తే? చలి రాకముందే ఇంట్లోని ప్రతి తలుపు, తప్పించుకోవడానికి పనికొచ్చే ప్రతి కిటికీ ఒంటి చేత్తో తీసి చూడండి. నేను పాపను ఎత్తుకునే తీసి చూశాను. వెనక తలుపు రాలేదు. మరుసటి రోజే చిత్రిక పట్టించి, పైన ఖాళీ పెంచాం. మంచు పడే చోటైతే తలుపు ముందు, కిటికీ కింద రోజూ పార తీసి తోడాలి, ఆ పార ఇంటి లోపలే ఉండాలి.

పొలంలో ఇంటికి ఇంటి నంబరు, వీధి పేరు ఉండకపోవచ్చు. అంబులెన్స్ వాళ్లకు దారి చెప్పాల్సింది ఎలాగో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి, మలుపులు, గేటు గుర్తుతో సహా. ఫోన్‌లో మ్యాప్ చూపే మీ ఇంటి అక్షాంశ, రేఖాంశాల అంకెలు కూడా ఆ కాగితం మీదే రాయండి. సిగ్నల్ ఇంట్లో ఎక్కడ దొరుకుతుందో కూడా రాయండి, మా ఇంట్లో అది వంటింటి కిటికీ దగ్గర మాత్రమే. రెండు వారాలకు సరిపడా పిల్లల మందులు, పాలపొడి, డైపర్లు ఇంట్లో పెట్టుకోండి.

బాబుతో మేం నెలకోసారి రాత్రిపూట లైట్లు తీసేసి సాధన చేస్తాం. అలారం మోగగానే వాడు బొమ్మ కోసం, చెప్పుల కోసం చూడకుండా కింద పాకుతూ తలుపు దగ్గరికి వచ్చి, బయట బావిగట్టు పక్కనున్న చెట్టు కింద నిలబడాలి. మొదటిసారి వాడు మంచం కింద దాక్కున్నాడు. నాలుగోసారికి మాకంటే ముందే చెట్టు దగ్గరికి చేరి, "అమ్మా, చెల్లిని తెచ్చావా?" అని అడిగాడు.